ఉప్పులేని గట్క

"అవ్వా, జర గట్క పెడతవా? ఉప్పెయ్యకు."

పొయ్యి మీద జొన్న గట్క కలుపుతున్న ఈదమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది. ఉప్పు వద్దనే మనిషిని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

అసలే కరువు రోజులు. ఊళ్లో అందరి ఒంట్లో ఎముకలే కనబడుతుంటే, ఈ కొత్త మనిషి మొహం మాత్రం బూరెలా పొంగి ఉంది. కాళ్లు చూస్తే స్తంభాలే.

"దొర గడిల తిన్న ఒళ్లే గిది, దొర పంపిన మనిషే," పక్కింటి ఐలేశం ఆమె చెవిలో గొణిగాడు. "ఉప్పెందుకు వద్దంటున్నడో తెలుసా? మన ఉప్పు తింటే మనకు ద్రోహం చెయ్యరాదని!"

ఈదమ్మ అటక వైపు చూడబోయి ఆగింది. అటక మీద, సాయుధ దళంలో చేరిన కొడుకు బీరన్న తొడలో తుపాకి గాయంతో, ఒళ్లు తెలియని జ్వరంతో పడి ఉన్నాడు. మొన్న తెల్లారకముందే ఎవరో పుణ్యాత్ముడు మోసుకొచ్చి గడపలో పడుకోబెట్టి పోయాడు. ఒక్కసారి ఆయన కాళ్లు మొక్కాలని ఆమె ఆశ.

కొత్త మనిషి గొంతు తగ్గించాడు. "బీరన్నను యాడికన్న దాటియ్యి అవ్వా. రజాకార్లు వస్తున్నరు."

"బీరన్ననా? వాడు ఇంటి మొహం చూసి ఏడాదాయె!"

ఆయన నవ్వాడు. "గట్లనే చెప్పు. ఎవరడిగినా గట్లనే చెప్పు."

"గట్క లేదు, గిట్క లేదు. లే, నడువ్!" ఐలేశం కసిరాడు.

కొత్త మనిషి తాను కూర్చున్న నులకమంచం పట్టుకొని లేచాడు. పిక్కల మీద నులక అచ్చులు గుంటలు పడి అలాగే ఉండిపోయాయి. ఈదమ్మ చూసింది గానీ, అదేమిటో ఆమెకు తెలియలేదు.

ఊరి బయటి దాకా పోయి కూలబడ్డాడు. అంతకు మించి నడవలేకపోయాడు.

పొద్దు వాలకముందే రజాకార్ల లారీ వచ్చి ఆయన ముందే ఆగింది.

"బీరన్న ఇల్లేది?"

"ఇల్లెందుకు? బీరన్నను నేనే."

వాళ్లు బీరన్న పేరు విన్నారే గానీ మొహం ఎరగరు. ఆయన్ను లారీలో పడేసుకొని పోయారు. కాసేపటికి గుట్ట వెనక తుపాకులు పేలాయి.

అనుమానంతో వెనకాలే వెళ్లి చెట్టు చాటు నుంచి అంతా విన్న ఐలేశం ఊళ్లోకి పరుగెత్తుకొచ్చాడు. తల బాదుకున్నాడు. "ఎంత మాటంటి! మనకోసం పానమిచ్చిండు, ఎవలో ఏమో!"

మర్నాడు బీరన్నకు జ్వరం దిగింది. తల్లి ఏడుస్తూ జరిగిందంతా చెప్పింది.

"మొహం ఉబ్బి ఉన్నదా? ఉప్పు వద్దన్నడా?" బీరన్న లేచి కూర్చోబోయాడు. "మా దళ నాయకుడు మారయ్యన్న, అమ్మా. గది కొవ్వు కాదు, నీరు. మూత్రపిండాలు చెడినయి. తిన్న సత్తువంత మూత్రంల నురుగై పోతది. ఉప్పు ముట్టొద్దు, మంచం దిగొద్దని పట్నం డాక్టరు చెప్పిండు."

"అయ్యో కొడుకా! మంచం దిగరానోడు మనింటికెందుకు వచ్చిండు?"

బీరన్న గడప వైపు చూశాడు.

"ఒక్కసారే వచ్చిండా అమ్మా? మొన్న గుట్ట మీది నుంచి నన్ను వీపున మోసుకొచ్చి గా గడపల పండబెట్టింది గా ఉబ్బిన కాళ్లే."