పుష్పావతి రాయని ‘ద’

“స్మూత్ ఫంక్షన్‌ను బహుపదితో భాగిస్తే శేషాలు చాలా రావచ్చు. నువ్వు ఒక్కటే అని రాశావు. డాక్టరేట్ ఎలా ఇవ్వమంటావ్?” వైవాకొచ్చిన పరీక్షకుడు థీసిస్ మూసేశాడు.

“నేనట్ల రాయలేదు సార్,” అంది పుష్పావతి.

“‘ద రిమైండర్’ అని ఉందే! ఇంగ్లీషులో ‘ద’ పెడితే శేషం ఒక్కటనేగా?”

ఆమె తన గైడ్ విష్ణువర్ధన్ వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆయన దిద్దిచ్చిన చేతిరాత ప్రతి సంచిలోనే ఉంది. తియ్యడానికి ఆమెకు చెయ్యి రాలేదు.

“తీసి చూపీమ్మా,” అన్నాడాయనే.

ఆమె రాతలో ‘ద’ లేదు. పైన ఎర్రసిరాతో ఇరికించి ఉంది. పక్కనే ఆయన రాత: “ఉరవకొండ తెలుగు మీడియం! ‘ద’ మర్చిపోతే ఎట్ల?”

“ఆ పొద్దు ఇంగ్లీషు దిద్దినా సార్,” అన్నాడు విష్ణువర్ధన్. “లెక్క చదవలేదు.”