కుట్టుమిషన్ వాళ్లు

తలుపు తోసుకుని వచ్చిన ముసలావిడ గుమ్మంలోనే ఆగింది.

"కుట్టుమిషన్ వాళ్లు మీరేనా?"

గదిలో ఉన్న ఏడుగురు మగవాళ్లూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

వాళ్ల ముందు బల్ల మీద ఏడు సింథసైజర్లు, కరెంటుతో సంగీతం పలికించే పెట్టెలు, ఉన్నాయి. అన్నీ ఒకటే రకం, బూడిదరంగువి. పదహారు మీటల్లో స్వరాలు అమర్చి పెడితే, లోపలి సీక్వెన్సర్ ఆ వరసను తిప్పి తిప్పి వాయిస్తుంది. బురోస్ ఊళ్లో ఆ పెట్టె ఉన్నవాళ్లది ఒక సంఘం. పెట్టె లేని మనిషి వాళ్ల లెక్కలో మనిషి కాదు.

"కుట్టుపనివాళ్లు పక్క గదిలో, పెద్దమ్మా," అన్నాడు సంఘానికి పెద్ద అయిన టోర్కెల్. "ఇక్కడ సూదీ దారంతో పనిలేదు. కాస్త బుర్ర ఉండాలి."

అందరూ నవ్వారు.

గోడవారగా పాపను ఒళ్లో వేసుకుని కూర్చున్న తూవా మాత్రం నవ్వలేదు. ఆమె ఆ ఏడుగురిలో ఒకడైన సిక్స్‌టెన్ భార్య. పాపతో ఇంట్లో ఒక్కతే ఉండాలంటే భయమేసి అతని వెంట వచ్చింది. ఇక్కడికొచ్చాక ఇంకో భయం. ఈ మోత పసిదాని చెవులకు మంచిదో కాదో తెలియక, రెండు చెవులూ అరచేతులతో మూసే కూర్చుంది. దానిమీద కూడా అప్పటికే నలుగురూ నాలుగు జోకులు వేశారు.

ఆ రోజు వాళ్ల హడావుడి వేరు. ఆ పెట్టెకు ఇంకొక్క అప్‌డేట్ మాత్రమే ఇస్తామనీ, ఆ తర్వాత ఇక ఏమీ ఉండదనీ తయారీవాళ్లు ఉత్తరం రాశారు. శనివారం రెండింటికి తమ మనిషి వస్తారని చెప్పి, ఆ రోజుకు ఒక ఫోన్ నంబరు కూడా ఇచ్చారు.

ఐదేళ్లుగా సంఘానిది ఒకటే కోరిక. ఒక వరస నుంచి ఇంకో వరసకు మారగానే పెట్టెలోని ఎకో పుటుక్కున తెగిపోతుంది. సన్నగా సాగుతూ దానంతటది ఆరిపోవలసిన శబ్దం, గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది. అలా తెగకుండా చేయాలి. న్యాయమైన కోరికే. న్యాయమైన కోరికలు ఎలాంటివాళ్ల చేతుల్లో పడతాయో చూడండి. ఆ ఒక్క ముక్క చెప్పడానికి టోర్కెల్ నలభై పేజీలు రాసుకొచ్చాడు. అందులో ముప్పై తొమ్మిది తన గొప్ప గురించే.

ముసలావిడ పక్క గదికి వెళ్లలేదు. గొడుగు మూలన పెట్టి, బల్ల దగ్గరికి వచ్చి, తల వంచి వింది. సిక్స్‌టెన్ అప్పుడే వరస మార్చాడు. ఎకో తెగింది.

"ముక్క మారినప్పుడల్లా దారం తెగుతోంది కదూ," అంది ఆవిడ.

"దారమట," అన్నాడొకడు.

"నేను ముడి వేసి తెచ్చాను. మీ దగ్గర బాగా పాతది ఒకటి ఉంటే ఇవ్వండి, వేసి చూస్తాను. పాతదాంట్లో నిలిస్తే అన్నిట్లోనూ నిలుస్తుంది."

ఆవిడ సంచిలో చెయ్యి పెట్టింది. టోర్కెల్ తన పెట్టె మీద రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ముట్టుకోకు, పెద్దమ్మా. ఇది అల్లికల బుట్ట కాదు. ఇందులో ఏముందో నీకు చెప్పాలంటే నాకు ఇంకో జన్మ కావాలి."

"ఒక్క అయిదు నిమిషాలు చాలు నాకు."

"మాకు పెద్దమనిషి వచ్చే వేళయింది. వెళ్లు."

వెళ్లేదేదో కాఫీ పోసి వెళ్లమన్నాడు ఇంకొకడు. ఆవిడ సంచిలోంచి చెయ్యి తీసి, నిజంగానే ఫ్లాస్కు అందుకుని ఏడు కప్పుల్లో కాఫీ పోసింది. ఒక్కడూ తలెత్తి చూడలేదు. ఎనిమిదోది తూవాకు తెచ్చి ఇచ్చి, పాప చెవుల మీది అరచేతుల్ని కాసేపు చూసింది.

"భయపడకమ్మా, నీ చేతులే చాలు. వీళ్ల మోతకి అంత బలం లేదు."

గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

ఆవిడ పక్క గదికి కాకుండా వానలో బస్ స్టాపు వైపు నడవడం తూవా కిటికీలోంచి చూసింది. ఆ మాటే మొగుడికి చెప్పింది. "నువ్వు పాపను చూసుకో," అన్నాడు సిక్స్‌టెన్.

రెండయింది. మూడయింది. దాల్చినచెక్క బన్నులు అయిపోయాయి. ఎవరూ రాలేదు.

నాలుగు దాటాక టోర్కెల్ ఆ నంబరుకు ఫోన్ చేశాడు. తను వాళ్లను ఎలా కడిగేస్తాడో అందరూ వినాలని స్పీకర్ పెట్టి మరీ చేశాడు. మాట ఇచ్చి మనిషిని పంపకపోవడం ఏం మర్యాద అని మొదలుపెట్టి, చాలాసేపే తిట్టాడు.

అవతలి కుర్రాడు అంతా విన్నాడు.

"గున్వోర్ రాలేదా?"

"ఎవరూ రాలేదు. దారి తప్పిన కుట్టుపని ముసలావిడ ఒకత్తె తప్ప."



"ఆ పెట్టెను మేం కుట్టుమిషన్ అనే అంటామండీ. పదహారు మీటలూ పదహారు కుట్లు అని. ఎకో తెగకుండా చేసే మార్పును తెచ్చింది ఆవిడే. మొదట్లో చేసిన పెట్టెలు మా దగ్గర ఒక్కటీ మిగల్లేదు, మీ దగ్గర ఉన్నాయని వచ్చింది. మూడింటికి ఫోన్ చేసి, వాళ్లకు అక్కర్లేదట అని చెప్పింది. పాతదాంట్లో వేసి చూడనిది ఆవిడ బయటికి వదలదు. ఆ మార్పు తీసేసి, నాలుగింటికి అప్‌డేట్ మూసేశాం."

తూవా పాప చెవుల మీంచి చేతులు తీసింది. గదిలో చప్పుడేమీ లేదు.

"అయితే తెరవండి," అన్నాడు టోర్కెల్. గొంతు తగ్గింది. "తెరిచి, ఇంకొకర్ని పంపండి. పని తెలిసినవాళ్లని."

"ఇంకెవరున్నారండీ? మొదటి తీగ నుంచి ఆఖరి స్వరం దాకా ఆ పెట్టెను తయారు చేసింది ఆవిడొక్కతే, నిన్నటితో ఉద్యోగం కూడా అయిపోయింది, ఇవాళ మీకోసమని ఊరికే వచ్చింది."