రెండో పాటలో మా వీధి

వీధి ఖాళీ చేయమని నోటీసు వచ్చిన రోజు మా అత్త నూకరత్నం ఏడవలేదు. బియ్యం డబ్బా అడుగు నుంచి, కవరులో చుట్టి దాచిన సినిమా డిస్కు ఒకటి తీసింది. నలభై ఏళ్ల కిందట ఆ సినిమా మా వీధిలోనే తీశారు. రెండో పాటలో కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడ్డ పిల్ల మా అత్తే.

ఇప్పుడు అదే సినిమా ఇంట్లో గోడ తెర మీద ఆన్‌లైన్లో పెట్టుకుంటే, ఆ పాటలో వీధి లేదు, చెరువుంది. పాత సినిమాలను ఆన్‌లైన్లో చూపించే కంపెనీ వాళ్లు మారుస్తూనే ఉంటారు. హీరో నోట్లో సిగరెట్ మాయమైనప్పుడు ఎవరం అడిగాం గనక? చెరువును ఆక్రమించి ఇళ్లు కట్టారన్నదే నోటీసులో మా మీద నేరం.

డిస్కు ఆడించే పెట్టె కోసం ఊరంతా తిరిగితే, చివరికి ఒక ముసలి మెకానిక్ దగ్గర దొరికింది. సర్వే ఆఫీసరును ఇంటికి పిలిచి, కాఫీ ఇచ్చి, రెండో పాట పెట్టాం. కొళాయి, మా పెంకుటిళ్ల వరస, బిందెతో అత్త, అన్నీ కనిపించాయి.

"సూసినారా బాబూ? సెరువెక్కడుంది?" అంది అత్త.

ఆఫీసరు పాట మొత్తం చూశాడు. గ్లాసు కింద పెట్టి, ఎంతో మర్యాదగా అడిగాడు.

"బాగుందమ్మా. ఇలాంటి డిస్కు ఇంకెవరి దగ్గరైనా ఉందా?"

నేను నోరు తెరిచేలోపే అత్త గర్వంగా చెప్పేసింది.

"అందరూ పారేసినారు బాబూ. నేనొక్కదాన్నే దాసినాను."