తాడు విప్పని పెట్టె

"ఈ ప్యాకేజీ చేసినవాడెవడో గానీ, వాడి చేతులు విరగ్గొట్టాలి" అంది జోవెలిన్, ల్యాప్‌టాప్ ముందు కూర్చుని.

ఇలోయిలో పట్నం సంతలో, నూడుల్స్ సూపు అమ్మే బాచోయ్ దుకాణం. ఉదయం ఎనిమిదైంది.

బల్లకు అటువైపు కూర్చున్న పెద్దాయన నూడుల్స్ గిన్నెలోంచి తలెత్తాడు. కాళ్లకు రబ్బరు చెప్పులు, పక్కన చేపల సంచి.

"తిందాం రా, ఇందాయ్" అన్నాడు మర్యాదకు, అక్కడ ఆడపిల్లల్ని పిలిచే తీరులో.

"మీరు కానివ్వండి మనోంగ్. నా పాట్లు నాకున్నాయి" అంది, అక్కడ పెద్దవాళ్లను పిలిచినట్టే.

పాట్లు నిజమే. కాల్‌సెంటర్ ఉద్యోగం వదిలేశాక ఆమెకు దొరికిన మొదటి పని ఇది. గిమారస్ దీవికి వెళ్లే పడవలకు టికెట్లు అమ్మే వెబ్‌సైట్. పది గంటలకు పడవల సంఘానికి చూపించాలి.

సైటు పనిచేస్తోంది. చూపుకే బోసిగా ఉంది. రంగులు, గడులు, బటన్లు అన్నీ సిద్ధంగా ఉన్న ప్యాకేజీ ఒకటి తెచ్చి కలిపింది. అయినా తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలే. ఇలా చూపిస్తే ఈ పని ఇంకొకరికి పోతుంది.

"ప్యాకేజీ కంప్యూటర్లోకి దిగాక ఆఖర్న ఏదో రాసుంటుందే, చదివావా?" అడిగాడు పెద్దాయన.

జోవెలిన్ చేపల సంచి వంక చూసింది. "మీకు ఇవి కూడా తెలుసా?"

"ఏదో కాస్త."

"బారెడు సోది వస్తుంది మనోంగ్. రాగానే తుడిచేస్తా. మేమంతా అంతే. అంత ముఖ్యమైతే ముందే చెప్పి ఏడవొచ్చుగా?"

"అదీ నిజమే" అని నవ్వాడాయన. "మీ అక్క దుబాయ్ నుంచి పెట్టె పంపిందనుకో. తాడు విప్పకుండా చాక్లెట్లు చేతికొస్తాయా?"

"అంటే?"

"ప్యాకేజీ నీ ఇంటికొచ్చింది. నువ్వే విప్పలేదు. పేజీ రంగులూ రూపం రాసుకునే నీ స్టైల్ ఫైల్లో, మొదటి వరసలో దాని పేరు రాసి పిలువు."

"అంతేనా?" అంది వెటకారంగా. అయినా రాసింది.

పేజీ సముద్రంలా నీలంగా మారింది. బటన్లు బుద్ధిగా వరసలో కూర్చున్నాయి.

ఆనందంతో తలెత్తేసరికి ఎదురుగా ఖాళీ గిన్నె ఉంది.

"ఎవరాయన?" అని దుకాణం ఆవిడను అడిగింది.

"పేరు తెలీదు. ప్రతి శనివారం వస్తాడు."

పది గంటలకు సంఘం అధ్యక్షుడు సైటంతా నొక్కి చూసి, "ఎప్పట్నుంచి అమ్ముదాం?" అని ఒక్క మాటే అడిగాడు. పని ఆమెకే దక్కింది. ఆ పెద్దాయనకు థాంక్సయినా చెప్పలేదని అప్పుడు సిగ్గేసింది.

తనలా ఇంకెవరూ తిప్పలు పడకూడదనిపించింది. మధ్యాహ్నం ఒక ఫిర్యాదు రాద్దామని ఆ ప్యాకేజీ పేజీ తెరిచింది.

గంట క్రితమే కొత్త వెర్షన్ వచ్చి ఉంది. కింద తయారు చేసినాయన రాసిన నాలుగు ముక్కలు ఈసారి ఓపిగ్గా, చివరిదాకా చదివింది.

"ఇకపై ఆ వరస దానంతటదే చేరుతుంది, ఎవరూ ఏమీ చదవక్కర్లేదు, ఇదంతా ఈ ఉదయం బాచోయ్ దుకాణంలో నా చేతులు విరగ్గొడతానన్న ఇందాయ్ చలవ."