నలభయ్యో పాసు

"ఫోన్లన్నీ ఈ సంచిలో వెయ్యండి. సాయంత్రం నాలుగింటికి తిరిగిస్తాం" అన్నాడు విశాఖలో నేవీ గేటు దగ్గర జవాను.

ముప్ఫై తొమ్మిది ఫోన్లు టపటపా పడ్డాయి. నలభయ్యోది ఉపేందర్ చేతిలోనే ఉండిపోయింది.

"వెయ్యవయ్యా. యుద్ధనౌక మీదికి ఫోన్లు రానివ్వరు" అన్నాడు బాపిరాజు.

ఉపేందర్ ఒకసారి ఫోన్ వంక, ఒకసారి బాపిరాజు వంక చూసి, సంచిలో వేశాడు.

బాపిరాజుది భీమవరం. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ పెట్టి ఇరవై ఏళ్లయింది. ఉపేందర్‌ది తుర్కయంజాల్. ఫీజు కట్టలేని రోజుల్లో బాపిరాజు దగ్గర ఊరికే లెక్కలు నేర్చుకుని, ఇప్పుడు అక్కడే పాఠాలు చెబుతున్నాడు. సాయంత్రమైతే ఎల్బీనగర్ చౌరస్తాలో తెలంగాణ దీక్షా శిబిరం నడుపుతాడు. ఒకరిది సమైక్యం, ఒకరిది ప్రత్యేకం. మధ్యాహ్నం అన్నం మాత్రం ఒకే డబ్బాలోంచి.

మర్నాడు సోమవారం. విజయవాడ హైవే మీద రాస్తారోకో. ముందుండి నడపాల్సింది ఉపేందరే. ఇలాంటప్పుడు సెంటర్ పిల్లలతో విశాఖ ప్రయాణమేంటని శిబిరంలో తోటివాడు అంతయ్య బయల్దేరేముందు అడిగాడు.

"సార్ బతిమాలిండు. పోరగాళ్ల ఎంబడి ఒక్కడు ఉండాలెనట. ఆయన అన్నం తిన్నోణ్ణి, ఎట్ల కాదంట? సోమారం తెల్లారేసరికి ఈడుంట" అని చెప్పి వచ్చాడు ఉపేందర్.

ఓడలో విద్యార్థుల సందడి ఇంతా అంతా కాదు. ఫిరంగి చూసి ఈలలు వేశారు. నిచ్చెనల్లాంటి మెట్లెక్కి దిగారు. నావికులు పడుకునే మూడంతస్తుల మంచాలు చూసి, హాస్టలే నయమన్నారు. ఉపేందర్‌కి ఇవేవీ పట్టలేదు. ఫోన్లు ఎప్పుడిస్తారని మూడుసార్లు అడిగాడు. ఓడలో పెట్టిన పూరీ ముట్టుకోలేదు. బాపిరాజు భుజం మీద చెయ్యి వేస్తే పక్కకి జరిగాడు.

నాలుగింటికి ఫోన్ చేతికొచ్చింది. ముప్ఫై రెండు మిస్డ్ కాల్స్. మళ్లీ మోగింది. శిబిరం కుర్రాడొకడు.

"యాడున్నవన్నా? పొద్దుగాల సంది చేస్తున్నం. పోలీసులొచ్చి పదకొండు మందిని పట్టుకపోయిన్రు. టెంటు పీకేసిన్రు. అంతయ్యన్న తల పగిలింది."

ఉపేందర్ గేటు పక్కన అరుగు మీద కూలబడ్డాడు.  తర్వాత అందరికీ వినపడేలా అన్నాడు.

"నేనేం చెయ్యాలె తమ్మీ. మా సార్ తోలుకొచ్చిండు. ఫోన్ తీస్కొని నన్ను గా ఇనుప ఓడల బంద్ వెట్టిండు."

బాపిరాజు విద్యార్థుల్ని వరసలో నిలబెట్టి లెక్కపెట్టడం మొదలెట్టాడు. 

రైల్లో ఒక్క విద్యార్థీ ఆయన పక్కన కూర్చోలేదు.

రైలు ఆలస్యంగా చేరింది; అప్పటికే నడిపేవాళ్లు లేక సోమవారం రాస్తారోకో గంటలో చెదిరిపోయింది. ఆ జనమంతా దిల్‌సుఖ్‌నగర్ వచ్చారు. ముందు అంతయ్య భార్య సుమిత్రమ్మ ఉంది. ఆమె అరవలేదు, తిట్టలేదు.

"నమ్మినోళ్లను నట్టేట ముంచుతరంటరు. నువ్వు సముద్రం దాకా తోల్కపోయి ముంచినవ్ సార్. మా ఆయన దవాఖానల పడ్డడు" అంది.

బాపిరాజు కళ్లు జనంలో ఉపేందర్‌ని వెతికాయి. చివరి వరసలో దొరికాడు.

"నువ్వయినా చెప్పవయ్యా ఉపేందరూ."

"నేనేం చెప్పాలె సార్? తోల్కపోయింది మీరే గద" అన్నాడు ఉపేందర్, తల వంచుకుని.

మొదటి రాయి బోర్డుకి తగిలింది. రెండోది ఆఫీసు గది అద్దానికి. ఆ తర్వాత ఎవరూ లెక్కపెట్టలేదు. ఉపేందర్ రాయి వెయ్యలేదు. వేసేవాళ్లని ఆపనూ లేదు.

జనం వెళ్లిపోయాక బాపిరాజు భార్య ఇంద్రాణి గాజుపెంకులు ఊడ్చింది. ఊడుస్తూనే ఏడ్చింది.

"మన కంచంలో తిన్నవాడే మిమ్మల్ని ద్రోహిని చేసి నిలబెడితే, ఒక్క మాటైనా అనరేం? ఇరవై ఏళ్ల సెంటరండీ. రేపట్నుంచి ఎవరొస్తారు?"

ఆయన కిటికీ వైపే చూస్తూ కూర్చున్నాడు.  

నేలంతా ఓడ పాసుల దరఖాస్తులు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఒక్కొక్కరూ స్వయంగా రాసి సంతకం పెట్టి, వారం ముందే నేవీవాళ్లకి పంపినవాటి నకళ్లు. ఇంద్రాణి ఒక్కొక్కటే ఏరి వరసలో పెట్టింది. నలభయ్యోదానికి గుండుసూదితో ఒక చీటీ గుచ్చి ఉంది. రోజూ బ్లాక్‌బోర్డు మీద చూసే చేతిరాతే. ఆవిడ చీపురు పక్కన పెట్టి చదివింది.

"సార్, ఆదివారం శిబిరంల అందర్నీ పట్టుకపోతరని పోలీసుల ఉన్న మా బామ్మర్ది చెప్పిండు, జర నన్ను గా ఓడ కాడికి తోల్కపోండ్రి, మీరే బతిమాలిన్రని మావోళ్లకు చెప్పుకుంట, మీకు మా అవ్వ మీద ఒట్టు, గీ ముచ్చట ఎవ్వలకు చెప్పొద్దు — మీ ఉపేందర్."