సంచికి నాలుగు చేపలు

ముందే ఒప్పేసుకుంటున్నా. ఈ కథలో తప్పు చేసిన అమ్మాయి చెడ్డది కాదు. చదువుకుంది, తెలివైంది. ఇబ్బంది అక్కడే వచ్చింది.

వాల్విస్ బే రేవులో, పీతల ఫ్యాక్టరీ ల్యాబులో కౌనా ఉద్యోగం. వలల్లో వచ్చేవి లోతు సముద్రపు ఎర్రపీతలు. కాళ్ళు విదేశాలకు పోతాయి. గుజ్జుతో ఉన్న డిప్పల్ని పనివాళ్ళు సూపు కాచుకోడానికి సంచుల్లో ఇంటికి పట్టుకెళ్తారు. ఊరికే వస్తాయి మరి.

కౌనా అక్క హిల్యాది అక్కడే, పీతలు విరిచే పని. కడుపుతో ఉంది, ఐదో నెల.

ఆ సాయంత్రం షిఫ్టు వదిలాక ఇద్దరూ కలిసి బయటికొచ్చారు. గేటు పక్కన ఓ బక్కపల్చటి పెద్దాయన. ముందు బకెట్ నిండా మాకరెల్ చేపలు.

"సంచి ఇవ్వమ్మా. నాలుగు చేపలు తీసుకో."

హిల్యా ఇచ్చేసింది. రోజూ ఇస్తోందట.

"పిచ్చా నీకు?" అంది కౌనా. "రక్తం లేదని డాక్టరు మొత్తుకుంటుంటే, అంత బలమైన సూపు వదిలేసి చేపముక్కా?"

"అందరూ ఇస్తున్నారే. పాపం, ముసలాయన."

"పాపమా! హోటళ్ళకి అమ్ముకుంటాడు. మనకి చేప, ఆయనకి మేడ."

పెద్దాయనకి వినబడింది. "డిప్పలు తినకండి తల్లీ. కడుపుతో ఉన్నవాళ్ళు అసలే తినకూడదు."

"టాటే," అంది కౌనా, పెద్దవాళ్ళని పిలిచే మాటతోనే. "ఇక్కడ పరీక్షలు చేసేది నేనే. పీత శుభ్రం అని గోడ మీద కాగితం అంటించాం. చదువుకో."

"డిప్పని పరీక్ష చేశావా అమ్మా?"

"కాళ్ళు ఒక పీతవి, డిప్ప ఇంకో పీతదా?"

చుట్టూ అందరూ నవ్వారు. గార్డు షికోంగో ఇంకాస్త గట్టిగా నవ్వాడు.

మర్నాడు కౌనా మేనేజరుకి రెండు లైన్లు రాసింది, గేటు దగ్గర ఎవరో వ్యాపారం చేస్తున్నారని. సాయంత్రానికి షికోంగో బకెట్ తన్నేశాడు. పెద్దాయన ఇసకలో చేపలు ఏరుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

హిల్యా రోజూ సూపు తాగింది, ఒషిఫిమా సంకటి ముద్దలు అందులో ముంచుకుంటూ. వండిపెట్టింది కౌనాయే.

మూడు నెలలకి ఎవరో కొనుగోలుదారు పీతని పీతలాగే, మొత్తంగా పంపమన్నాడు. అంటే డిప్పనీ పరీక్ష చెయ్యాలి. చేసింది.

కాడ్మియం. ఉండదగ్గదానికి పద్నాలుగు రెట్లు.

మెషీన్ పాడైందనుకుని మూడుసార్లు నడిపింది. మెషీన్ బాగానే ఉంది.

ఫోన్ చేసింది. "అక్కా, సూపు తాగకు."

"ఇప్పుడే తాగానే, రెండు గిన్నెలు. ఏం?"

"మిగిలింది పారబోయి. అందులో విషం ఉంది."

"బిడ్డకేమైనా అవుతుందా?"

"తెలీదు."

నిజంగానే తెలీదు. అది చెప్పే మెషీన్ ల్యాబులో లేదు.

అప్పుడు ముసలాయన గుర్తొచ్చాడు. ఎన్ని హోటళ్ళకి అమ్మి ఉంటాడో, ఎంతమంది తిని ఉంటారో. షికోంగోని అడిగి ఆయన అద్దెకుండే ఇల్లు తెలుసుకుంది. ఒంటిమీద ల్యాబు కోటు విప్పకుండానే పరిగెత్తింది.

ఇంటావిడ తలుపు తీసింది.

"మీ ఇంట్లో అద్దెకుండే పెద్దాయన డిప్పలు ఏ హోటల్‌కి అమ్మేవాడు?"

"అమ్మడమా! పెరట్లో గొయ్యి తవ్వి పాతేవాడు. ఆ కంపుకి రోజూ పోట్లాటే. వచ్చే పెన్షనంతా చేపలకే తగలేశాడు మహానుభావుడు."

"ఒకసారి పిలుస్తారా?"

"ఇంకెక్కడి మనిషి? కిందటి నెల పోయాడుగా."

కౌనాకి ఏడుపు రాలేదు. ఏమీ రాలేదు. గుమ్మం ముందు అలాగే నిలబడింది.

ఆవిడ లోపలికెళ్ళి ఓ మడత తెచ్చింది. "ఆయన సామాను కోసం ఎవరూ రాలేదు. ఉన్నవాటిలో ఇదొక్కటే మంచి బట్ట. నువ్వూ ఇలాంటిదే వేసుకున్నావు, తీసుకుపో."

తెల్లకోటు. జేబు మీద కుట్టిన పేరు, నికనోర్ అముపోలో. పేరు కింద, కౌనా జేబు మీద ఉన్న ఉద్యోగమే, అదే ఫ్యాక్టరీ, అదే ల్యాబు.

మీకూ ఇలాంటివాళ్ళు ఎదురై ఉంటే రాయండి. పేరు తెలిస్తే, పేరుతో సహా.