పంపని మాటకు ముడి

తప్పులుంటే మన్నించండి, నిదానంగా రాస్తాను. మా ఆయన పోయాకే అక్షరాలు నేర్చుకున్నాను.

గుడియాత్తంలో లుంగీలు నేసేటప్పుడు ఆయన మగ్గం మీద జానెడు పాత పోగులు కోయకుండా వదిలేవాడు, కొత్తవి ముడివేయడానికి. మగ్గం ఆగాక పని వెతుక్కుంటూ ఆయన ఫోన్‌లో ఒక ఉద్యోగాల సైటులో చేరాడు. అందులో ఆయన రాసి పంపకుండా వదిలిన సందేశాలను నిన్న మా కూతురు ఇందుమతి తీసేస్తూ అడిగింది.

"ఒకదాంట్లో 'అమరావతీ' అని నీ పేరొకటే ఉండాదిమ్మా. తీసేసేదా?"

"ఉండనీ తల్లీ. పిలిచి, చెప్పేది మరిచిపోయేది మీ నాయనకు అలవాటే గదా."

ఆయన ఫోన్ నా ఒడిలోనే ఉంచుకున్నాను. పొద్దుగూకి ఇల్లు సద్దుమణిగాక ఆ సందేశం తెరిచి, కూడబలుక్కుని చదివాను. నా పేరు పక్కన కొత్త మాటలు చేరాయి: "చదువు వచ్చిందా?"

"వచ్చిందయ్యా" అని కింద రాశాను. పంపలేదు. చివర కొంచెం చోటు వదిలాను, ముడివేయడానికి.

అమరావతి, అరవై ఎనిమిదేళ్లు, ఇప్పుడు వేలూరులో కూతురి ఇంట.